నడివయసు పియానో సభ: ప్రశంసకూ విమర్శకూ మధ్య

కొన్నేళ్ల క్రితం ఢిల్లీలో ఒక సంగీత పాఠశాల వార్షిక సభకు వెళ్లే అవకాశం కలిగింది. పిల్లల వంతు ముగిశాక వయోజన విద్యార్థులు వేదిక ఎక్కారు. వారిలో యాభై దాటిన ఒక ప్రభుత్వోద్యోగిని షూమన్ రచించిన 'ట్రోయ్‌మెరై'ని, అంటే 'స్వప్నావస్థ'ను, ఎంచుకున్నారు. ఎదుట స్వరలిపి లేదు. మొదటి వాక్యాలు నిండుగా, నెమ్మదిగా సాగాయి. మధ్య భాగంలో ఒకచోట చేయి ఆగిపోయింది. ఆమె మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. అక్కడికి వచ్చేసరికి మళ్లీ అదే తడబాటు. మూడవసారి ఆ భాగాన్ని దాటవేసి, చివరి స్వరాలు వాయించి లేచి నిలబడ్డారు.

పిల్లలకు దక్కిన దానికంటే పెద్దగా చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి మైకు అందుకుని, 'ఈ వయసులో ఇంత చేయడమే గొప్ప' అని మెచ్చుకున్నారు. ఆమె నమస్కరించి తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు. ఆ ముఖంలో నాకు కనిపించింది కృతజ్ఞత కాదు. తాను అడిగినదొకటి, తనకు ఇచ్చినదొకటి అయినప్పుడు మనిషి ముఖంలో కనిపించే చిన్నబోవడం అది.

ఆ ప్రశంసలోని లోపమేమిటో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. వయోజన విద్యార్థుల వాద్య ప్రదర్శనను చూసే దృష్టులు మనలో రెండే కనిపిస్తాయి. వృత్తి కళాకారుని కచేరీతో పోల్చి పెదవి విరవడం ఒకటి. దయతలచి అసలు కొలవకుండా వదిలివేయడం రెండవది. మొదటిది కఠినం, రెండవది మృదువు అనిపించవచ్చు. నిజానికి రెండూ ఒకే అభిప్రాయం నుంచి పుట్టాయి. సంగీతమంటే నిపుణులు వినిపించేదనీ, తక్కినవారు వినవలసినదనీ ఆ అభిప్రాయం. చరిత్రను చూస్తే దీని వయసు రెండు శతాబ్దాలైనా లేదని తెలుస్తుంది.

జొహాన్ సెబాస్టియన్ బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ బాఖ్ 1779 నుంచి 1787 వరకు ఆరు సంపుటాలుగా ప్రచురించిన వాద్య రచనలను 'రసజ్ఞులకూ, సంగీతాభిమానులకూ' అని ప్రకటించాడు. ఇంట్లో కూర్చుని తన ఆనందం కోసం వాయించుకునే మనిషి ఆనాటి స్వరకర్తకు పాఠకుడు, పోషకుడు, కొనుగోలుదారుడు కూడా. షోపేన్ బహిరంగ కచేరీలకు వెనుకాడేవాడు. జీవనాధారం చాలావరకు పాఠాలే. 1804లో జన్మించిన స్కాట్లండు వనిత జేన్ స్టర్లింగ్ ఆయన వద్ద శిష్యరికం ప్రారంభించేనాటికి ఆమెకు దాదాపు నలభై ఏళ్లు. 1844లో వెలువడిన 55వ కృతిలోని రెండు నాక్టర్న్‌లను షోపేన్ ఆమెకే అంకితమిచ్చాడు. నడివయసు శిష్యురాలు ఆయనకు వింత కాదు, జాలిపడవలసిన వ్యక్తి అసలే కాదు.

ఈ స్థితిని మార్చిన ఘట్టాలలో రెండు ముఖ్యమైనవి. 1837లో క్లారా వీక్, అనంతర కాలంలో క్లారా షూమన్, బెర్లిన్‌లో స్వరలిపి లేకుండా వాయించినప్పుడు సాహితీవేత్త బెట్టీనా ఫాన్ ఆర్నిమ్ అది అహంకారమని ఆక్షేపించింది. చూడకుండా వాయించడం నాడు అవినయంగా తోచింది. కొన్ని దశాబ్దాలకే చూసి వాయించడం అసమర్థతగా తోచసాగింది. రెండవ ఘట్టం 1840 జూన్ 9న జరిగింది. ఆనాడు లండన్‌లోని హనోవర్ స్క్వేర్ రూమ్స్‌లో లిస్ట్ వాద్యసభను 'రిసైటల్స్' అన్న మాటతో ప్రకటించారు. కవిత్వాన్ని వల్లిస్తారు గాని పియానోను ఎలా వల్లిస్తారని కొందరు విస్తుపోయారు. మాట నిలిచిపోయింది. దానితోపాటు ఒంటరి వాదకుడు, మౌనశ్రోతలు, కంఠపాఠం అనే మూడు నియమాలూ క్రమంగా స్థిరపడ్డాయి. అసాధారణ ప్రతిభావంతుల కోసం కుట్టిన ఆ దుస్తులనే నేడు పగలంతా కార్యాలయంలో పనిచేసి సాయంత్రం నలభై నిమిషాలు సాధన చేసే మనిషికి తొడుగుతున్నాం. అవి వదులైతే ఆ మనిషిని చూసి జాలిపడుతున్నాం.

ఆ మనిషి అంతరంగాన్ని స్వయంగా చెప్పుకున్న గ్రంథాలు కొన్ని ఉన్నాయి. న్యూయార్కర్ పత్రిక విలేఖరి చార్లెస్ కుక్ 1941లో ప్రచురించిన 'ప్లేయింగ్ ది పియానో ఫర్ ప్లెజర్' వాటిలో పాతది. విరిగిన ఎముక అతికిన చోట గట్టిపడుతుందన్న పోలికతో ఆయన ఒక సాధన మార్గం చెబుతాడు. రచనలో చేయి తడబడే చోట్లను గుర్తు పెట్టుకుని, వాటినే పదేపదే సాధించి, చివరకు అవే అన్నిటికంటే దృఢమైన భాగాలయ్యేలా చేయాలంటాడు. ఇందులో దయాదాక్షిణ్యాలు లేవు. లోపాన్ని పేరుపెట్టి పిలిచే మర్యాద ఉంది.

అమెరికా రేడియో ప్రసారకుడు నోవా ఆడమ్స్ 1996లో వెలువరించిన 'పియానో లెసన్స్', గార్డియన్ పత్రిక సంపాదకుడు అలన్ రస్‌బ్రిడ్జర్ 2013లో ప్రచురించిన 'ప్లే ఇట్ అగైన్' పక్కపక్కన పెట్టి చదవదగినవి. ఆడమ్స్ యాభై దాటాక పియానో కొని, 'ట్రోయ్‌మెరై' ఒక్కటి వాయించగలిగితే చాలనుకున్నాడు. చిన్ననాట నేర్చి వదిలేసిన రస్‌బ్రిడ్జర్ యాభై ఆరవ ఏట, 2010లో, షోపేన్ మొదటి బలాడ్‌ను లక్ష్యంగా పెట్టుకున్నాడు. 1836లో వెలువడిన ఈ రచన చివరి ఘట్టం వృత్తి వాదకులనే వణికిస్తుంది. వికీలీక్స్ పత్రాల ప్రచురణ, బ్రిటిష్ పత్రికల ఫోన్ చౌర్యంపై పరిశోధన సాగుతున్న నెలల్లోనే రోజుకు ఇరవై నిమిషాలు మిగుల్చుకుని ఆయన సాధన చేశాడు.

రెండవ గ్రంథం ఎక్కువ ఉత్కంఠ కలిగిస్తుంది. అయితే ఆ ఉత్కంఠ శిఖరారోహణ కథలోనిది. ఎక్కగలడా లేదా అన్న ప్రశ్న ముందు సంగీతం ఒక్కొక్కసారి వెనక్కు తగ్గుతుంది. అందులో విలువైనది విజయం కాదు, నడివయసు జ్ఞాపకశక్తి గురించి ఆయన చేసిన విచారణ. ఆడమ్స్ కథలో తొందరపాట్లు, పక్కదారులు ఎక్కువ. అయినా తన జీవితానికి సరిపడే రచనను ఎంచుకోవడంలో ఆయన ఎక్కువ వివేకం చూపాడని నా అభిప్రాయం.

ఎంపిక సంగతి ఇక్కడ కొంత వివరించాలి. 'ట్రోయ్‌మెరై' 1838 నాటి 'కిండర్‌సేనెన్'లో, అంటే 'బాల్య దృశ్యాల'లో, ఏడవది. పేరు చూసి పిల్లల పాఠమనుకోవడం కద్దు. పిల్లల కోసం షూమన్ వేరే సంపుటిని 1848లో రచించాడు. 'బాల్య దృశ్యాలు' పెద్దలు తమ బాల్యాన్ని వెనుదిరిగి చూసుకునే రచన. వేళ్లను అది అడిగేది కొద్ది. మనసును అడిగేది ఎక్కువ. పదేళ్ల బాలుడు దానిని తప్పు లేకుండా వాయించగలడు. కాని వెనుదిరిగి చూడడానికి ఆ బాలునికి ఇంకా దూరం ఏర్పడలేదు. నడివయసు విద్యార్థికి లోటుగా భావించే వయసే ఇక్కడ పెట్టుబడి. ఢిల్లీ సభలో ఆ ఉద్యోగిని చేసిన ఎంపిక ఉత్తమమైనదని ఎవరో ఒకరు ఆమెకు చెప్పవలసింది.

ఆమె ఎందుకు ఆగిపోయారో కూడా చెప్పవలసింది. ఆ రచన మొత్తం 24 కొలతలు. ఒక్కొక్కటి నాలుగు కొలతల చొప్పున ఆరు వాక్యాలు. ప్రతి వాక్యమూ ఒకే విధంగా కింది నుంచి పైకి ఎగసే స్వరాలతో మొదలవుతుంది. ఎగసి చేరిన తరువాత దారి మారుతుంది. మధ్య రెండు వాక్యాలలో స్థాయి కూడా మారి వేరే స్వరాల మీదికి వెళుతుంది. చివరి వాక్యంలో శిఖర స్వరం మీద కాసేపు నిలవమని కర్త గుర్తు పెట్టాడు. అంతకుముందు విన్న ఎగువలన్నీ ఆ నిలుపుదలలో అర్థవంతమవుతాయి. వినేవారికి సౌందర్యమైన ఈ సామ్యమే వాయించేవారికి ఉచ్చు. ఒకేలా కనిపించే ఆరు గుమ్మాలలో ఏది ఏ గదిలోకి తెరుచుకుంటుందో వేళ్లు మరచిపోతాయి. రోజూ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఒరవడిలో సాధన చేసినవారికి మధ్యలో అడుగుపెట్టే చోటు తెలియదు. భయంతో చేతులు చల్లబడి, అలవాటుగా కదిలే వేళ్లను మనసు గమనించడం మొదలుపెట్టగానే ఆ ఒరవడి తెగిపోతుంది. అందుకే ఆమె మొదటికి వెళ్లారు, అదే గుమ్మం దగ్గర మళ్లీ నిలిచిపోయారు. ఆరు వాక్యాలను విడివిడిగా, వరుస తప్పించి ఎత్తుకునే సాధన చేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. స్వరలిపిని ఎదుట ఉంచుకుంటే అసలు రాకపోవచ్చు. ఇది విమర్శ. 'ఈ వయసులో ఇంత' అన్నది విమర్శ కాదు, పక్కకు తప్పుకోమని మర్యాదగా చెప్పడం.

పాశ్చాత్య దేశాలలో వయోజన వాదకులకు పోటీలూ ఏర్పడ్డాయి. ఆర్థికశాస్త్ర ఆచార్యుడు జెరార్ బెకెర్మాన్ 1989లో పారిస్‌లో నెలకొల్పినది ప్రసిద్ధం. అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో వాన్ క్లైబర్న్ పేరిట 1999లో మొదలైన పోటీ ముప్పై అయిదేళ్లు నిండిన, సంగీతం వృత్తి కాని వారి కోసం. ఇవి వైద్యులను, న్యాయవాదులను, ఇంజనీర్లను పెద్ద వేదికల మీదికి తెచ్చాయి, అది మేలే. అయితే అక్కడికి చేరేవారిలో అనేకులు యౌవనంలో గట్టి శిక్షణ పొంది మరో వృత్తిలోకి మళ్లినవారు. నలభైలో మొదటిసారి మెట్ల మీద చేయి పెట్టినవారి సమస్య వేరు. పోటీ వారికి వృత్తి కచేరీ కొలబద్దనే మరో రూపంలో తెచ్చి ఇస్తుంది.

మన దేశంలో పియానో చరిత్ర మరో దారిన నడిచింది. జొరాసాంకోలోని ఠాకూర్ల ఇంట జ్యోతిరింద్రనాథ్ పియానో ముందు కూర్చుని కొత్త వరుసలు కడుతూ ఉంటే, యువకుడైన రవీంద్రుడు వాటికి మాటలు అల్లేవాడు. అక్కడ పియానో ప్రదర్శన వస్తువు కాదు, కుటుంబ సభ్యుల మధ్య సంభాషణ. ఇళయరాజా 1968లో మద్రాసు చేరి, పాతికేళ్ల ప్రాయంలో ధనరాజ్ మాస్టర్ వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించాడు. ఎదిగిన వయసులో నేర్చుకోవడం అడ్డంకి కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. సామాన్య తెలుగు ప్రేక్షకుని ఊహలో మాత్రం పియానోను నిలిపింది సినిమా. 1950, 60 దశకాల చిత్రాలలో పుట్టినరోజు వేడుకలో నాయకుడో నాయికో పియానో ముందు కూర్చోగానే పాట సిద్ధం. సాధన ఎప్పుడు చేశారన్న ప్రశ్న లేదు. తప్పు స్వరం అసలే లేదు. పియానో ఐశ్వర్యానికి గుర్తయింది గాని శ్రమకు గుర్తు కాలేదు. వేదిక మీద ఒక పెద్దమనిషి తడబడితే సభ ఇబ్బందిపడడంలో ఈ అలవాటు పాత్ర కూడా ఉందనుకుంటాను.

మన సంప్రదాయంలో తప్పును భరించే మార్గాలు లేకపోలేదు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన నాడు పంచరత్న కృతులను విద్వాంసులూ అభ్యాసకులూ ఒకే పందిట్లో కూర్చుని పాడతారు. ఒక గొంతు తప్పితే పక్క గొంతు ఆదుకుంటుంది. పియానో ముందు కూర్చున్న మనిషికి ఆ ఆసరా లేదు. అందుకే ఆయనకు ఆలోచించిన విమర్శ మరింత అవసరం. నాట్యశాస్త్రం ప్రయోగంలోని సిద్ధినీ, లోపాలనూ, వాటిని నిర్ణయించే ప్రాశ్నికులనూ చర్చించే ఇరవై ఏడవ అధ్యాయంలో ఒక మాట చెబుతుంది: గుణమే లేనిదీ, దోషమే లేనిదీ ఏదీ ఉండదు గనుక ప్రయోగంలోని దోషాలను అతిగా పట్టించుకోరాదు. అయితే దోషాలను లెక్కించవద్దని ఆ శాస్త్రం అనలేదు. లెక్కించిన తరువాతనే వాటి పరిమాణాన్ని గుర్తించమంది.

ఇటువంటి సభలు నిర్వహించే సంస్థలకు కొన్ని సూచనలు చేయవచ్చు. స్వరలిపిని ఎదుట ఉంచుకునే స్వేచ్ఛను వయోజనులకు నిస్సంకోచంగా ఇవ్వాలి. కంఠపాఠం సంగీత ధర్మం కాదు, ఒక కాలపు ఆచారం. ఏడాదికొక పెద్ద వేదికకు బదులు నెలకొకసారి చిన్న గదిలో పదిమంది ముందు వాయించే ఏర్పాటు మేలు. భయం అలవాటుతోనే తగ్గుతుంది. శాలువాలు, జ్ఞాపికలు తగ్గించి, వాయించిన ప్రతివారికీ ఒక యోగ్యుడైన శ్రోత అయిదు నిమిషాలు కేటాయించాలి. ఆ శ్రోత వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు: ఎంచుకున్న రచన ఈ మనిషికి తగినదా? నాదంలో నిండుదనం ఉందా? తాను నిలబెట్టుకోగల వేగంతోనే సాగారా? తప్పిన తరువాత సంగీతంలోకి ఎలా తిరిగి వచ్చారు? చివరి ప్రశ్న అతి ముఖ్యమైనది. నిపుణుని మనం తప్పనందుకు గౌరవిస్తాం. అభ్యాసకుని తిరిగి వచ్చినందుకు గౌరవించాలి.

ఆనాడు సభ ముగిశాక తేనీటి బల్ల దగ్గర ఆ ఉద్యోగినిని పలకరించాను. నేను సంగీత పండితుడను కాను, చరిత్ర విద్యార్థిని. అయినా, 'మీరు మధ్యలో ఆగిన చోట స్వరాలు అంతకుముందు వాక్యంలాగే మొదలవుతాయి కదండీ?' అని అడిగాను. ఆమె తన సంచిలోంచి స్వరలిపి తీసి, ఎర్ర పెన్సిలు గీత ఉన్న చోటు చూపించారు. 'ఇక్కడే. నాలుగు నెలలుగా ఇక్కడే' అన్నారు. మేము ఆ పేజీ మీద వంగి మాట్లాడుకుంటూ ఉండగా టీ చల్లారిపోయింది. ఆ సాయంత్రం ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.