గ్లెన్ గూల్డ్: ప్రతి గొంతూ వినబడాలని

పియానో మెట్టు నొక్కితే అది కిందికి దిగేది దాదాపు ఒక సెంటీమీటరు. పనంతా ఆ కాస్త దూరంలోనే జరిగిపోవాలి. ముందు కొస దిగితే వెనక కొస లేస్తుంది. దాని మీద ఆనుకున్న మీటలు ఫెల్ట్ చుట్టిన చెక్క సుత్తిని తీగ వైపు విసురుతాయి. తీగ ఇంకా ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే మీట సుత్తిని వదిలేస్తుంది. ఆ తర్వాత సుత్తి తన ఊపులో తానే వెళ్లి, కొట్టి, వెనక్కి పడుతుంది. అందుకని వేలి అదుపులో ప్రధానంగా ఉండేవి రెండే: సుత్తికి ఎంత వేగం ఇవ్వాలి, మెట్టును ఎప్పుడు వదలాలి. మెట్టు వదలగానే డాంపర్ అనే మెత్తటి దిమ్మె తీగ మీద వాలి మోత ఆపేస్తుంది. కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ (1932–1982) పనితనమంతా ఈ రెండో దానిలో, స్వరాన్ని ఎక్కడ తుంచాలన్న నిర్ణయంలో ఉందని నా నమ్మకం.

టొరంటోలో తల్లి ఫ్లోరెన్స్ దగ్గర తొలి పాఠాలు నేర్చుకున్నాక అతను చిలీ నుంచి వచ్చి స్థిరపడిన అల్బెర్టో గెరెరో శిష్యుడయ్యాడు. గెరెరో నేర్పిన సాధన ఒకటి విచిత్రంగా ఉంటుంది. కుడిచేతి వేళ్లను మెట్ల మీద ఊరికే ఆనించి ఉంచాలి. ఎడమచేత్తో ఆ వేళ్లను ఒక్కొక్కటిగా తట్టాలి. తట్టిన వేలు మెట్టును అడుగుదాకా నొక్కి, తనంత తానే పైకి లేస్తుంది. ఇలా ఒక రచన మొత్తం, స్వరం తర్వాత స్వరం, నెమ్మదిగా సాగుతుంది. తర్వాత చేతులు మారతాయి. ఒక స్వరానికి నిజంగా ఎంత తక్కువ శ్రమ చాలునో వేలికి అలా తెలుస్తుంది. మెట్టు నుంచి తేలిగ్గా, చప్పున తప్పుకోవడం అలవాటవుతుంది.

ఆ వేళ్లకు తగ్గ ఆసనం కావాలి. 1953లో తండ్రి బర్ట్ ఒక మామూలు మడత కుర్చీ తీసుకుని కాళ్లు నాలుగంగుళాల మేర కోశాడు. ఒక్కో కాలినీ విడివిడిగా ఎత్తు సవరించుకునేలా అడుగున మరలు బిగించాడు. కూర్చునే చోటు నేలకు 14 అంగుళాల ఎత్తు. అంత కింద కూర్చుంటే మణికట్టు మెట్ల మట్టానికి వచ్చేస్తుంది. భుజబలంతో పైనుంచి మోదే వీలుండదు, వేళ్లతో మెట్లను తన వైపు లాక్కోవాల్సిందే. ఉరుములాంటి ధ్వని దీనివల్ల పోతుంది. కానీ గూల్డ్ వాయించే జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతానికి ఆ ఉరుము అక్కర్లేదు. గూల్డ్ జీవితాంతం ఆ కుర్చీనే వెంట తీసుకెళ్లాడు, దిండు చిరిగి ఊడిపోయాక కూడా.

ఆ తర్వాత వాద్యం వంతు. సీడీ 318 అనే నంబరున్న స్టైన్‌వే పియానోను అతను ఏరి పట్టుకున్నాడు. చూపు దాదాపు లేని వెర్న్ ఎడ్క్విస్ట్ అనే ట్యూనర్ దాన్ని ఏళ్ల తరబడి సవరిస్తూ వచ్చాడు. మెట్లు తేలిగ్గా దిగాలి, సుత్తి వెంటనే స్పందించాలి, మోత టక్కున ఆగాలి, ఇవీ గూల్డ్ కోరికలు. ఈ సవరణ హద్దు దాటినప్పుడు మధ్య స్థాయిలో కొన్ని స్వరాలు వెక్కిళ్లలా రెండుసార్లు మోగేవి. ఇన్వెన్షన్లు అనే బాఖ్ చిన్న రచనల రికార్డులో ఆ వెక్కిళ్లు వినిపిస్తాయి. గూల్డ్ వాటిని భరించాడు గానీ చురుకుదనాన్ని వదులుకోలేదు.

ఇదంతా దేనికో బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ వింటే తెలుస్తుంది. 1741లో అచ్చయిన ఈ రచనలో ఏరియా అనే ఒక బాణీ, దాని మంద్ర స్వరాల నడక మీద కట్టిన 30 వేరియేషన్లు, చివర మళ్లీ అదే ఏరియా ఉంటాయి. 27వ దాకా ప్రతి మూడోదీ కానన్, అంటే ఒక గొంతు (విడిగా సాగే స్వరాల వరస) పాడినదాన్ని మరో గొంతు కొంత ఆగి అందుకుంటుంది. మూడో వేరియేషన్ మరీ కష్టం. రెండో గొంతు ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తం) ఆలస్యంగా, సరిగ్గా అదే స్థాయిలో మొదలవుతుంది. రెండూ ఒకదాని మీదుగా ఒకటి దాటుకుంటాయి, చాలావరకు ఒకే చేతిలో. కింద ఎడమచేయి పరుగు ఆపదు. స్థాయి ఒకటే అయినప్పుడు చెవి వాటిని ఎలా విడదీసుకోవాలి? ఒక వేలు పట్టి ఉంచిన స్వరం పక్కనే మరో వేలు తన స్వరాన్ని తుంచేయాలి. గూల్డ్ వేళ్లకు అబ్బింది సరిగ్గా ఇదే. 1955లో న్యూయార్క్‌లో కొలంబియా సంస్థ వారి 30వ వీధి స్టూడియోలో చేసిన ఈ రికార్డు, మరుసటి ఏడాది విడుదలై, 23 ఏళ్లవాణ్ని లోకానికి తెలిపింది.

1964 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో వాయించాక అతను కచేరీలు మానేశాడు. చాలామంది దాన్ని చాదస్తం అన్నారు. నాకు మాత్రం అది పనిముట్టు మార్చుకోవడంలా, వేదిక వదిలి రికార్డింగ్ టేపును చేతికి తీసుకోవడంలా కనిపిస్తుంది. బాఖ్ రచన వెల్ టెంపర్డ్ క్లేవియర్ మొదటి భాగంలోని ఎ మైనర్ ఫ్యూగ్ (ఒకే బాణీని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన) సంగతే చూడండి. దాన్ని రికార్డు చేస్తూ తీసిన టేకుల్లో ఆరోది, ఎనిమిదోది తప్పుల్లేకుండా వచ్చాయి. ఆరోది స్వరాలు కలుపుతూ గంభీరంగా, ఎనిమిదోది తుంచుతూ ఉల్లాసంగా సాగింది. కొన్ని వారాలయ్యాక వింటే దేనికది మొదటినుంచి చివరిదాకా ఒకే రంగులో తోచింది. రెండిటి వేగమూ ఇంచుమించు ఒకటే కాబట్టి ఆరంభం, ముగింపు ఆరోదాని నుంచి, మధ్య భాగం ఎనిమిదోదాని నుంచి తీసుకున్నాడు. మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికే నేతగాడిలా టేపును కోసి, అతికాడు. అలా వచ్చిన ఫ్యూగ్‌ను అతను ఏ రోజూ ఏకబిగిన వాయించలేదు. అయినా అది అతని ఆలోచనే. అతుకు ఎక్కడుందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

1981లో అదే స్టూడియోకు వెళ్లి, ఈసారి యమహా పియానో మీద, గోల్డ్‌బర్గ్‌ను మళ్లీ రికార్డు చేశాడు. తొలి రికార్డు 38 నిమిషాల పైచిలుకు, ఇది 51 నిమిషాల పైచిలుకు. మొదటిసారి బాఖ్ రాసిన పునరావృత్తులన్నీ వదిలేశాడు, రెండోసారి కానన్లలో మొదటి సగాన్ని తిరిగి వాయించాడు. తేడా అంతవరకే కాదు. ఏరియా నడక బాగా నెమ్మదించింది. ఒక వేరియేషన్ వేగానికీ తర్వాతిదాని వేగానికీ లెక్క కుదిరేలా, మొత్తం రచనలో ఒకే నాడి కొట్టుకునేలా ముందే నిర్ణయించుకున్నాడు. తొలి రికార్డు మెరుపు నాకూ ఇష్టమే. అయినా ఎక్కువసార్లు వినేది రెండోదే. ఒక వేరియేషన్ ముగిసి మరొకటి ఎత్తుకునేచోట వేలితో తాళం వేస్తూ వింటే, ఆ లెక్క చేతికి అందుతుంది.