మనోవ్యాధికి తొలి చికిత్స: సాక్ష్యము ఎంతవరకు?

లేని మాటలు వినబడుట, ఆధారము లేని అనుమానాలు బలపడుట మొదలైన లక్షణాలుగల తీవ్ర మనోవ్యాధులను సైకోసిస్ అంటారు. ఇవి తరచు యౌవనారంభంలో తలయెత్తుతవి. తొలిదశలోనే చికిత్స జరిగితే మేలనే సిద్ధాంతము నేడు ప్రచారంలో వున్నది. దాని ఆధారాలు ఎంత గట్టివి?

చికిత్స ఆలస్యమైన రోగులు తక్కువగా కోలుకొంటారని అనేక పరిశీలనలు చూపినవి. కాని రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. మెల్లగా ముదిరే వ్యాధిని ఇంటివారు ఆలస్యంగా గుర్తిస్తారు. అట్టి వ్యాధి స్వభావరీత్యానే మొండిది కావచ్చును.

ఈ చిక్కు విడదీయుటకు నార్వేలోని రోగలాండ్‌లో 1997లో ఒక ప్రయత్నము మొదలైనది. పత్రికలద్వారా ప్రజలకు, బడులలో ఉపాధ్యాయులకు వ్యాధి లక్షణాలు తెలియజేశారు. చికిత్సకు ముందు గడచిన కాలపు మధ్యగతము అక్కడ 5 వారాలు. పోల్చి చూచిన ప్రాంతాలలో 16 వారాలు. పదేండ్ల తరువాత కోలుకున్నవారు రోగలాండ్‌లో సుమారు 31 శాతము, తక్కినచోట 15 శాతము. ఫలితము గొప్పదే. కాని ఇది ప్రాంతాల మధ్య పోలిక. పైగా పోల్చిన ప్రాంతాలలో పరిశీలనకు మధ్యలో దూరమైనవారు హెచ్చు.

డెన్మార్కులోని ఓపస్ పరిశోధన ఇంకను కట్టుదిట్టమైనది. 547 మందిని చీట్లు వేసినట్లుగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి రెండేండ్లు ప్రత్యేక బృందము మందులు, కుటుంబానికి శిక్షణ, ఇంటివద్ద సాయము అందించినది. రెండేండ్లకు వీరి స్థితి మెరుగు. ఐదేండ్లకు లక్షణాలలో ఆ భేదము నిలువలేదు. మేలు నిజమే గాని, అది టీకావలె ఒకసారి వేసి వదలునది కాదు.

వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగం వంటి గ్రామాలకు ఈ అంకెలను యథాతథంగా అన్వయించరాదు. 2015-16 జాతీయ మానసికారోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. గాలి సోకినదనో, చిల్లంగి పెట్టారనో తలచుట ఈ ప్రాంతానికి కొత్త కాదు. మానసిక వైద్యశాల విశాఖపట్నంలో వున్నది. ఆలస్యమునకు కారణము కుటుంబపు అశ్రద్ధ ఒక్కటే అనుట అన్యాయము.

ముందు వస్తే మేలన్న మాటనుండి, ఆలస్యమైతే ఆశ లేదని తీయుట తర్కదోషము. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో స్కిజోఫ్రీనియాగల 282 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధన ఇందుకు నిదర్శనము. వ్యాధి పాతబడినవారికి సైతము, శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలు ఇండ్లకు వెళ్లి సాయపడగా కొంత మేలు కనబడినది.

విద్యార్థి ముభావముగా వున్నంతనే రోగి అనరాదు. లేని మాటలు వినబడుచున్నవని అతడు చెప్పినపుడు మాత్రము ఉపాధ్యాయుడు వైద్యుని దారి చూపవలెను. అంతమాత్రమునకు సాక్ష్యము చాలును.