చుక్క మీద వేలు

శుక్రవారం. కువైట్‌లో ఫర్వానియాలోని మా గదికి రాజంపేట తమ్ముడొకడు భోజనానికి వచ్చాడు. భవనాలకు పరంజా కట్టే పని అతనిది. అన్నం ఉడికేలోగా, నేను రెండు వారాలుగా కుస్తీ పడుతున్న గ్రాఫును వాట్సాప్‌లో పంపాను. కువైట్ ఎండల లెక్క అది. ఒక్కో చుక్క ఒక్కో రోజు. సరంజామా అంతా ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్లో మూటగట్టాను కాబట్టి నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. తమ్ముడు అన్నిటికన్నా పైనున్న చుక్క మీద వేలు పెట్టాడు. చిన్న పెట్టె తెరుచుకుంది.

“అన్నా, ఈ 17003 ఏంది? దినార్లా?”

నవ్వొచ్చింది గానీ, తప్పు నాదే. గ్రాఫు చేసింది ఆర్ భాషలో. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఆ భాష తేదీని 1970 జనవరి 1 నుంచి గడిచిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. 2016 జూలై 21 దానికి 17003. అందులో బొమ్మలు గీసే జీజీప్లాట్ అనే ప్యాకేజీతో గీసిన బొమ్మలో తేదీలు తేదీల్లాగే ఉన్నాయి. దాన్ని ప్లాట్లీ అనే మరో ప్యాకేజీకి అప్పగించి, వేలు తగిలితే పలికేలా మార్చడానికి ఒక్క లైను చాలు. ఆ లైను దాటేసరికి తేదీ మళ్లీ అంకె అయింది. పెట్టెలో ఏం రాయాలో మనం చెప్పకపోతే, అది తన దగ్గరున్నది ఉన్నట్టు బయటపెట్టేస్తుంది.

ఆ 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు. ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ఖాయం చేసిన ఆసియా రికార్డు.

“ఎండలోనా, నీడలోనా?” అన్నాడు తమ్ముడు.

నీడలోనే. నేరుగా ఎండ తగలకుండా, గాలి ఆడే పెట్టెలో థర్మామీటరు పెట్టి కొలుస్తారు.

“అయితే మా ఇనప పైపుల వేడి ఇందులో లేదు గదా!”

ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషేధం. కానీ పదిన్నరకే పైపు పట్టుకుంటే చెయ్యి కాలుతుందట.

రంగులకూ జూమ్‌కూ రెండు వారాలు పెట్టాను. వేలి కింద కనిపించే రెండు ముక్కలకు రెండు నిమిషాలు కూడా పెట్టలేదు. ముట్టుకోమని పిలిచి, మనిషికి అర్థం కాని జవాబు ఇచ్చాను.

అతను వెళ్లాక పెట్టెను తిరగరాశాను: ‘2016 జూలై 21, మిత్రిబా, 53.9 డిగ్రీలు, నీడలో కొలిచినది.’

మీరూ గ్రాఫు చేస్తే, ఆ లెక్కతో బతికే మనిషి చేతిలో ఒకసారి పెట్టండి. వివరించకండి. ఏ చుక్క ముట్టుకుంటాడో చూడండి, ఏమడుగుతాడో వినండి.