మన మారియో కాస్త నిదానం

పాత నవల మొదటి అచ్చు దొరికితే సంబరపడతాం. పాత సినిమా పాట ఎవరైనా పాడుతుంటే ఆగి వింటాం. కానీ నలభై దాటిన మనిషి చిన్నప్పటి వీడియో గేము కోసం వెతుక్కుంటున్నాడంటే మాత్రం, "పాపం, పిల్లచేష్టలు పోలేదు" అని నవ్వుతాం. ఈ జబ్బు మా గోదావరిఖని బంధువర్గంలో ఇద్దరు ముగ్గురికి పట్టింది. అటకల మీది డబ్బాలు కిందికి దిగాయి. సోల్డరింగ్ వాసన వంటింటి దాకా వచ్చింది. కథలు రాసుకునే ఆర్ట్సు మనిషికి ఇందులో ఏం పని అంటారేమో! వస్తువు ఎలక్ట్రానిక్సుదే గాని, పేచీ మాత్రం అచ్చంగా సాహిత్యానిది. ఏది అసలు ప్రతి? ఏది నకలు? బాగుచేసేటప్పుడు దేన్ని నిలబెట్టాలి?

ముందు వంశవృక్షం చెప్పుకుందాం. జపాన్‌లో నింటెండో వారు 1983 జులై 15న 'ఫామికామ్' అనే యంత్రాన్ని విడుదల చేశారు. తొంభైల్లో మన ఇళ్ళలోకి వచ్చింది అది కాదు, దాని నకళ్ళు. 'మీడియా' అనీ, 'లిటిల్ మాస్టర్' అనీ రకరకాల పేర్లు. మనం మాత్రం అన్నిటినీ కలిపి 'టి.వి. గేము' అనేవాళ్ళం. 1995లో షావాలెస్ వారు సెగా కంపెనీ మెగా డ్రైవ్‌ని దర్జాగా తెచ్చారు గాని, దాని ఖరీదు 18 వేల రూపాయలు! స్కూటరు కోసం దాచుకోవలసిన డబ్బును పిల్లల ఆటమీద పెట్టే కార్మికుడు ఏ క్వార్టర్లో ఉంటాడు చెప్పండి? అందుకే మన తరం చదివింది నకలు ప్రతినే.

ఆ నకలు ప్రతులు కూడా ఎలాంటివి! క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని ఉండేది. పెట్టి చూస్తే పట్టుమని పది ఆటలుండేవి, అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మొదటి తెరమీద తయారు చేసినవాళ్ళ పేరును నకలు చేసినవాళ్ళు చెరిపేసేవాళ్ళు. కవి పేరు లేని తాళపత్రంలాగా ఆ ఆట మన చేతికొచ్చేది. పేరు లేదు గనుక మనమే పెట్టుకున్నాం: ట్యాంకుల ఆట, బాతుల ఆట, సొరంగం ఆట. ముప్ఫై ఏళ్ళ తర్వాత వెతకబోతే ఆ పేర్లతో ఏదీ దొరకదు. 'గద్దబొమ్మ చుట్టూ ఇటుకలుంటాయి, ట్యాంకులు వచ్చి పేలుస్తాయి' అని ఆనవాళ్ళు చెప్పుకుంటూ పోతే, చివరికి అది 1985లో నామ్కో వారు చేసిన 'బ్యాటిల్ సిటీ' అని తేలుతుంది. వేమన పద్యాలు పోగుచేయించి, ప్రతులు సరిచూసి, 1829లో అచ్చు వేయించిన బ్రౌను దొరగారి పని ఇలాంటిదే కదా! పద్యాలకు గౌరవం, ట్యాంకులకు వెక్కిరింపు ఎందుకు?

సరే, గౌరవం ఇస్తాం. అయితే గౌరవించినదాన్ని విమర్శించాలి కూడా. 'అబ్బ, ఆ రోజులే వేరు' అనుకుంటూ అన్నిటినీ నెత్తిన పెట్టుకుంటే అది విమర్శ కాదు, తద్దినం.

మారియోనే తీసుకోండి. 1985 సెప్టెంబరులో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో మీ మనవరాలి ఫోటో ఒక్కటే అంతకు ఎన్నో రెట్లుంటుంది. ఆ ఇరుకులో ఆకాశంలో మబ్బూ, నేలమీద పొదా ఒకే బొమ్మ. తెల్లరంగు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. ఎలా ఆడాలో ఒక్క మాట రాసి ఉండదు. మొదటి పుట్టగొడుగు శత్రువు నడిచొచ్చి తగిలితే చస్తాం, మరోసారి ఎగురుతాం. అంతే, పాఠం అయిపోయింది. ఇంత పొదుపుగా కథ మొదలుపెట్టడం నాకు ఇన్ని నవలలు రాసినా పూర్తిగా పట్టుబడలేదు.

'కాంట్రా' సంగతి వేరు. దాన్ని నిలబెట్టింది ఆట కాదు, వాడుకలోకి వచ్చిన మంత్రం. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ నొక్కితే ముప్ఫై ప్రాణాలు! కొనామిలో పనిచేసిన కజుహిసా హషిమోతో 1986లో 'గ్రేడియస్' అనే ఆటను సిద్ధం చేస్తూ, పరీక్షించడానికి తనకే కష్టమైపోయి పెట్టుకున్న దొడ్డిదారి అది. ఆయన 2020లో చనిపోయాడు. మంత్రం మాత్రం నోటినుంచి నోటికి దేశాలు దాటి బొగ్గుబావుల కాలనీల దాకా వచ్చింది. కొన్ని క్యాసెట్లలో నకలుగాళ్ళే ఆ ప్రాణాలు ముందుగా కలిపేసి పెట్టారు. ప్రక్షిప్తమన్నమాట! నిజం చెప్పాలంటే ముప్ఫై ప్రాణాలతో ఆడితే కాంట్రా చప్పిడి, మూడింటితో ఆడితే చిరాకు. జ్ఞాపకంలో ఉన్నంత గొప్పగా లేదు.

ట్యాంకుల ఆట మాత్రం నిలిచింది. ఇద్దరు కలిసి ఆడాలి. తోటివాడిమీద గుండు పడితే వాడు కాసేపు కదల్లేడు. తొందరపడితే మనం కాపాడవలసిన గద్దను మనమే పేల్చుకోవచ్చు. ఉమ్మడి కుటుంబం గురించి ఇంత సూక్ష్మంగా చెప్పిన రచన నేను ఈ మధ్య చదవలేదు.

ఇక సొరంగం ఆట. దాని అసలు పేరు 'డిగ్ డగ్'. 1982లో నామ్కో వారిదే. మనిషి భూమిలోకి తవ్వుకుంటూ దిగుతాడు. వాడు నడుస్తుంటేనే సంగీతం, ఆగితే నిశ్శబ్దం. ఎంత లోతున శత్రువును చంపితే అన్ని ఎక్కువ పాయింట్లు. పైన బండలుంటాయి. కింద మట్టి తవ్వేస్తే బండ ఒక్క క్షణం ఊగి, అప్పుడు పడుతుంది. ఇది ఏ ఊరివాళ్ళకైనా సరదా ఆట. మా ఊళ్ళో చదివితే అర్థం మారిపోతుంది. బాగుచేసిన సెట్టుమీద మా అక్క మనవడు ఆడుతుంటే, బాయిలో పనిచేసి రిటైరైన మా మామగారు కళ్ళద్దాలు సర్దుకుని చూస్తున్నారు. ఉన్నట్టుండి, "అరే కొడుకా, బండ కింద నిలవడకు, గది ఊగుతుంది సూడు, పక్కకు జరుగు!" అని కేకేశారు. వాడు నవ్వాడు. "ఇంకా రెండు లైఫులున్నయి తాతా" అన్నాడు. ఆయన నవ్వలేదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది పోయారు. అదే ఏడు అక్టోబరులో 8-ఎ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, గట్టిదో గుల్లదో చెప్పే మనుషుల ఊరు ఇది. ఊగి హెచ్చరించి మరీ పడే బండ ఆటలోనే ఉంటుంది. ఆట చేసినవాళ్ళది తప్పని అనడం లేదు. మంచి రచనకు అదే కదా గుర్తు, రాసినవాడు చూడని ఊళ్ళో కూడా దానికి అర్థం పుడుతుంది. డిగ్ డగ్ గొప్పదని నేనంటున్నది జ్ఞాపకాల మత్తులో కాదు, మా మామగారి కేక విని.

ఇప్పుడు మరమ్మత్తు దగ్గరికొద్దాం. మా మరిది బల్లమీద రెండు రకాల డబ్బాలున్నాయి. ఒకదాంట్లో రెండు పెద్ద చిప్పులు. కాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, పాడైతే మార్చుకోవచ్చు. రెండోది తర్వాతి కాలానిది. చిప్పు స్థానంలో నల్లటి జిగురుముద్ద. అది పోతే ఇక సెట్టు పోయినట్టే. రిమోటు బటన్ల కింద రబ్బరుకు నల్లటి మచ్చ ఉంటుంది. అది కర్బనం కలిపిన రబ్బరు, అరిగితే బటన్ పలకదు. మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దితే మళ్ళీ కొన్నాళ్ళు పలుకుతుంది. బొగ్గుకు చుట్టమే కదా, మా ఊళ్ళో ఆ మాత్రం పలుకుబడి లేకపోతే ఎలా!

బాతుల ఆట తుపాకీకి మాత్రం మందు లేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటుంది. పాత గాజుబుడ్డి టి.వి. వెలుగును గుర్తుపట్టేలా చేసిన కన్ను అది. ఇప్పటి పలక టి.వి. ముందు దానికి గుడ్డితనమే.

అసలు తగువు వేగం దగ్గర వచ్చింది. జపాన్ టి.వి. సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంది, మన పాత టి.వి. 50. ఆట కాలాన్ని బొమ్మలతోనే లెక్కపెట్టుకుంటుంది. అందుకని జపాన్ క్యాసెట్ మన డబ్బాలో ఆరో వంతు నెమ్మదిగా నడిచింది, పాటతో సహా. ఇవాళ ఫోనులో మారియో ఆడి "ఇది ఆ మారియో కాదు" అనేవాళ్ళ చెవి అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళు విన్నది నిజంగానే నిదానం పాట.

"వదినా, చిప్పులూ క్రిస్టలూ మారిస్తే అసలు స్పీడుకు తేవచ్చు. మార్చన్నా?" అన్నాడు మా మరిది.

"అసలంటే ఎవరి అసలు?" అన్నాను.

నింటెండో వారే 2016లో ముప్ఫై ఆటలతో చిన్న డబ్బా ఒకటి తెచ్చారు. బొమ్మ కడిగిన ముత్యంలా ఉంటుంది. ఆటలు చక్కగా ఆడాలంటే అది కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పాత సెట్టును బాగుచేసేది శుద్ధప్రతి కోసం కాదు. శుద్ధప్రతి ఎప్పుడూ ఎక్కడో భద్రంగానే ఉంటుంది. పోయేది మన పాఠాంతరం: పేరు చెరిపేసిన తెరా, కలిపిన ప్రాణాలూ, ఆరో వంతు నిదానమూ. దాన్ని కాపాడవలసిన అవసరం జపాన్‌లో ఎవరికీ లేదు. కనుక నా తీర్పు ఇది: తీగ మార్చండి, కండెన్సరు మార్చండి, కొత్త టి.వి.కి పట్టేలా బొమ్మను బయటికి లాగండి. వేగం జోలికి మాత్రం పోకండి.

మీ అటకమీద కూడా అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. పాతసామాన్లవాడికి వేసేముందు ఒక్కసారి మూత విప్పి చూడండి. లోపల రెండు పెద్ద చిప్పులు కనబడితే ఆగండి. అది ఇంకా చదవదగిన ప్రతే.