వాన్ డర్ మెర్వ్ గారి వంశవృక్షం

ఇంటిపేర్ల వెంటపడటం నాకో పిచ్చి. క్రికెట్ చూస్తున్నా స్కోరుకన్నా చొక్కా వెనక పేరు మీదే కన్ను. 2023 ప్రపంచకప్పులో నెదర్లాండ్స్ మన ఉప్పల్‌లో రెండు మ్యాచ్‌లు ఆడింది. ఆ జట్టులోని రోలోఫ్ వాన్ డర్ మెర్వ్ పుట్టింది జోహన్నెస్‌బర్గ్‌లో, మొదట ఆడింది దక్షిణాఫ్రికాకు. ఆ తర్వాత ధర్మశాలలో అదే దక్షిణాఫ్రికాను డచ్చివాళ్లు ఓడించినప్పుడు కెప్టెన్ బవుమాను బౌల్డ్ చేసింది కూడా ఆయనే. పరాయి జట్టుకు పోయాడని కొందరు గొణిగారు కానీ, ఇంటిపేరు లెక్కన చూస్తే పుట్టింటికి వచ్చినట్టే.

మెర్వెదె అనేది డోర్‌డ్రెక్ట్ పట్నం దగ్గర పారే నది. ‘వాన్ డర్’ తగిలిస్తే ఫలానా చోటివాడని అర్థం. 1661లో విల్లెమ్ అనే సిపాయి డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఆఫ్రికా కొసనున్న కేప్‌కు ఓడెక్కి, అక్కడే ఎల్షె క్లూటెను పెళ్లాడి స్థిరపడ్డాడు. వంశం ఎంత పెరిగిందంటే, మనకు పరమానందయ్య శిష్యులున్నట్టు అక్కడి హాస్య కథలన్నిటికీ వాన్ డర్ మెర్వే నాయకుడు.

ఊళ్లో ఉన్నంతకాలం ఎవర్నీ ఊరిపేరుతో పిలవరు. పొలిమేర దాటాకే దాంతో పని. అదే డచ్చి జట్టులో తేజ నిడమానూరు ఉన్నాడు, విజయవాడలో పుట్టినవాడు. నిడమానూరు అనే ఊరు ఆ బెజవాడ పక్కనే ఉంది!

కేప్ వంశాల్ని గుదిగుచ్చడానికి డి విలియర్స్ అనే ఆయన 1890లలో పెద్ద గ్రంథమే వేశాడు. తర్వాత పామా అనే ఇంకొకాయన దాన్ని సవరించి అంకెల పద్ధతి స్థిరపరిచాడు. మూలపురుషుడు ‘ఎ’. ఆయన పిల్లలు బి1, బి2. వాళ్ల పిల్లలు సి1, సి2. ‘బి3సి2డి5’ అంటే మూడో బిడ్డకు రెండో సంతానం, వాళ్లకు అయిదో సంతానం. చూడ్డానికి మోటుగా ఉన్నా నాకీ పద్ధతి మహా ఇష్టం. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం వాళ్లకూ ఆచారమే కనుక తరతరానా విల్లెమ్‌లే. చర్చి బాప్తిస్మాల రిజిస్టరులో ఏ విల్లెమ్ ఎవరో ఆ అంకె చూస్తే గానీ తేలదు.

అయితే అవే రిజిస్టర్లలో ఇంకో రకం ‘వాన్’లున్నాయి. పులికాట్‌లో, మచిలీపట్నంలో కోఠీలు నడిపిన ఆ కంపెనీయే బెంగాల్, మలబారు, మన కోరమాండల్ తీరాల నుంచి మనుషుల్ని బానిసలుగా కేప్‌కు తోలింది. వాళ్లకూ ‘వాన్’ తగిలించి ఊరో తీరమో రాశారు. సిపాయి నదిపేరు మునిమనవలదాకా పాకింది. వీళ్ల తీరంపేరు ఒక్క తరంతో సరి. అక్కడ పుట్టిన బిడ్డను ‘వాన్ డి కాప్’ అని, అంటే కేప్ మనిషని రాసేశారు. ఇక ఆ వెనక తీగ ఎక్కడ దొరుకుతుంది?

దొరికిన కొద్దిమందిలో అన్గెలా వాన్ బెంగాలె ఒకరు. 1657లో కేప్‌లో దించారు, 1666లో విడుదలైంది, ఆపైన అర్నోల్డస్ బాసన్‌ను పెళ్లాడింది. వంశావళుల్లో బాసన్‌ది ‘ఎ’. ఆయనతో ఆమె కన్న పిల్లలంతా ఆయన కిందే బి1, బి2లు. ఆమెకంటూ అక్షరం లేదు.