బెంటో, సద్ది, మధ్యన ఆరు గంటలు

కెంజీ ఎకువాన్ పేరు వినకపోయినా ఆయన చేసిన వస్తువు మీ చేతుల్లోకి వచ్చే ఉంటుంది: ఎర్ర మూత కిక్కోమన్ సోయా సాస్ సీసా, 1961 నాటి డిజైన్. ఆ సీసా మనిషి భోజనం డబ్బా మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. 1998లో ఎంఐటీ ప్రెస్ దాన్ని 'ది ఈస్తెటిక్స్ ఆఫ్ ది జపనీస్ లంచ్‌బాక్స్' పేరుతో ఇంగ్లిష్‌లో వేసింది. ఆఫీసు క్యాంటీన్ పుణ్యమా అని నూడుల్స్, కూరగాయలతో ఇంట్లోనే బెంటో కట్టుకోవడం మొదలుపెట్టాక చదివాను.

నల్లటి లక్క పెట్టె, లోపల గదులు, గదికో రుచి, ఏదీ పక్కదాన్ని మింగెయ్యదు. కాస్త చోటులో ఎంతో పట్టించి, ఇరికించినట్టు కనబడకుండా అమర్చడమే జపాన్ డిజైన్‌కి కీలకం అంటాడు. బాగా అంటాడు. కానీ ఆయన ఎంచుకున్న మకునోఉచి బెంటో నాటకంలో ఒక అంకం ముగిసి తెర మళ్లీ లేచేలోపు తినేది. అంటే తినేవాడు ప్రేక్షకుడు. పుస్తకం కూడా ఆ సీట్లోంచే డబ్బాని చూస్తుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ గురించి అద్భుతంగా రాసి బ్యాకెండ్‌ని వదిలేశాడు.

మాది గోదావరిఖని. నాన్న బాయిలో, అంటే భూగర్భ బొగ్గుగనిలో పనిచేశాడు. ఆయన పట్టుకెళ్లేది సద్ది. ఫస్ట్ షిఫ్ట్ ఏడింటికి. అమ్మ డబ్బాకి మూత పెట్టేది అయిదింటికి, నాన్న దాన్ని తెరిచేది పదకొండింటికి. బొగ్గుగనిలోకి అగ్గిపెట్టె కూడా తీసుకుపోనివ్వరు కాబట్టి వేడి చేసుకోవడం అన్న మాటే లేదు. పైగా కింద ఉక్క. ఆ ఆరు గంటలూ తట్టుకోవాలంటే ఏం వండాలి, ఎంత తడి ఉంచాలి, ఎప్పుడు మూత పెట్టాలి? గట్టి పప్పు, జిగురు పోయేదాకా వేయించిన బెండకాయ, టమాటా పచ్చడి. చారుకి చోటు లేదు. బెంటోకి అసలు లెక్క ఇదే: చల్లగా, ఆలస్యంగా, వండినవాళ్లకి దూరంగా తినే అన్నం. రంగులూ గదులూ దాని తర్వాతే.

నూడుల్స్ ఈ లెక్కని కళ్లకి కట్టినట్టు చూపిస్తాయి. ఒక నిమిషం ముందే దించి, చన్నీళ్లలో కడిగి, నూనె పట్టించకపోతే మధ్యాహ్నానికి డబ్బా ఆకారంలో ఒకే ముద్ద. క్యారెట్, బీన్స్, క్యాప్సికం పెద్ద మంట మీద వేయించి, ఉప్పు చివర్లో వెయ్యాలి. ముందే వేస్తే నీరు వదులుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. వేడిమీద మూసేస్తే ఆవిరి లోపలే నీరై కారుతుంది. పులిహోరకి అన్నాన్ని తాంబాళంలో ఆరబోసి నూనె కలపడంలో ఉన్నదీ ఇదే తెలివి. సద్దుల బతుకమ్మ నాటి చింతపండు, నిమ్మకాయ, నువ్వులు, కొబ్బరి, పెరుగు సద్దుల్ని ఒకే పళ్లెంలో వరసగా పెట్టండి, ఎకువాన్ గదులు మీకే కనబడతాయి.

తినేవాడి వైపు నుంచే చూడటం ఎకువాన్ ఒక్కడి జబ్బు కాదు. పోతన దశమ స్కంధంలో గోపబాలుర చల్దులు అనగానే మనకి గుర్తొచ్చేది ఊరగాయలు, ఒకడి కంచంలోది ఇంకొకడు లాక్కోవడం. ఆ మూటలు ఎవరు కట్టారో మనమూ అడగలేదు.

ఈ పుస్తకం పక్కన సకుబెయ్ యమమోటో (1892–1984) బొమ్మలు పెట్టుకోవాలి. క్యూషూలోని చికుహో గనుల్లో పనిచేసి, అరవై దాటాక చూసినదంతా బొమ్మలుగా వేశాడు. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపక రిజిస్టర్‌లో చేర్చింది. వాటిలో మొగుడు బొగ్గు తవ్వుతుంటే పెళ్లాం లాగుతుంటుంది. గోదావరిఖనిలో అమ్మ గనిలోకి దిగలేదు, మన గనుల చట్టం భూగర్భంలోకి ఆడవాళ్లని చాలాకాలం దిగనివ్వలేదు కూడా. కానీ వారం వారం షిఫ్టు మారితే పొయ్యి వేళా మారేది. నైట్ షిఫ్ట్ వారంలో మాకు రాత్రి భోజనాలయ్యాక మళ్లీ సద్ది కోసం కూర. కంపెనీ మస్టర్‌లో ఆమె పేరు లేదు. హాజరు మాత్రం నాన్న కంటే రెండు గంటల ముందు.

ఎకువాన్ పుస్తకం చదవండి, ఫొటోల కోసమైనా. బెంటో కట్టే రోజు మాత్రం దాన్ని పక్కన పెట్టి, మూత పెట్టేముందు నూడుల్స్‌ని ఓసారి మునివేళ్లతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉన్నా సరే, ఇంకో పది నిమిషాలు ఆగాల్సిందే.