కోలకు కోల

కోలాటంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఉద్ది, అంటే జత, మారే పద్ధతి. లోవరుస ఒకవైపు, వెలివరుస మరోవైపు కదులుతుంటే ఎదురుగా కొత్త మనిషి వస్తూనే ఉంటారు. ఆరో తరగతి పిల్ల ఇప్పుడు తన ఈడు పిల్లతో కోల కలిపినా, నాలుగడుగులు వేసేసరికి అరవై దాటిన మామ్మతో కలపాల్సిందే.

మా రామాలయం ముందు రాత్రి అన్నాలయ్యాక సాధన. గురువు తాళాలు పట్టుకుని నడుమ నిలబడి పాట అందుకుంటాడు, మిగతావాళ్లు వంత పాడతారు. మొదట అంతా నెమ్మదే. నడక జోరందుకునే కొద్దీ పిల్లలు కోలను బలంగా కొట్టేస్తారు. అప్పుడు చూడాలి పెద్దవాళ్ల పనితనం. మామ్మ మణికట్టు రవ్వంత వెనక్కి లాగి ఆ దెబ్బను మెత్తగా అందుకుంటుంది. చప్పుడు మాత్రం ఖంగున మోగుతుంది. “బలానికి కాదే అమ్మడూ, తాళానికి కొట్టు” అంటూనే పక్క ఉద్దికి జరిగిపోతుంది. మళ్లీ ఎదురుపడేసరికి పిల్ల చెయ్యి తగ్గి ఉంటుంది.

జడ కోలాటంలో పెద్దవాళ్ల అవసరం ఇంకా ఎక్కువ. పైనుంచి వేలాడే తాళ్లు తలా ఒకటి పట్టుకుని, ఒకరిని దాటి ఒకరు నడుస్తూ జడ అల్లుతారు. అల్లడం పిల్లలకు ఇట్టే వస్తుంది, తికమకంతా విప్పేటప్పుడే. వచ్చిన దారినే వెనక్కి నడవాలి. ఒక్కరు తప్పినా చిక్కు పడుతుంది. మోకాళ్ల నొప్పులతో గెంతులు మానేసినవాళ్లకు కూడా ఆ దారి కాళ్లలోనే ఉంటుంది.

తెలంగాణలో బతుకమ్మ చుట్టూ తిరిగే ఆటకూ పాట తెలిసిన పెద్దామే ఆధారం. 2014లో అది రాష్ట్ర పండుగైనందుకు నాకెంతో సంతోషం. కానీ స్పీకర్లలో రికార్డు హోరెత్తితే ఆమె గొంతుకు చోటెక్కడ? గౌరవంగా కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆ కుర్చీ చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కోలాటం పోటీలు పెట్టేవాళ్లను అడిగేది ఇదే. పిల్లలకో విభాగం, పెద్దలకో విభాగం వద్దు. నాయనమ్మా మనవరాలూ ఒకే జట్టులో ఆడనివ్వండి. పాట మనిషే పాడాలి, వేగం పెద్దవాళ్లు అందుకోగలిగినంతే ఉండాలి. మా వీధిలోనూ ఈ దసరాకు స్పీకర్ల అద్దె డబ్బుతో కొత్త కోలలు చేయిద్దామంటున్నాను. పాడేవాళ్లు మనకు ఉన్నారు.